‘నైఘంటిక పరిధి’ అంటే ఎవరికి అర్థమవుతుంది?

ప్రోగ్రామింగ్ పాఠాల తెలుగు అనువాదం ఒకటి సరిచూస్తున్నాను. ‘లెక్సికల్ స్కోప్’కు ‘నైఘంటిక పరిధి’ అని రాశారు. నిఘంటువుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు! ఒక పేరు దేన్ని సూచిస్తుందో ప్రోగ్రాము రాసి ఉన్న తీరును బట్టే తేలిపోతే అది లెక్సికల్. ప్రోగ్రాము నడిచేటప్పుడు, ఆ పేరు వాడిన ఫంక్షన్‌ను (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కను) ఎవరు పిలిచారన్న దాన్ని బట్టి తేలితే డైనమిక్.

మన వాక్యాల్లోనూ ఇలాంటి తేడా ఉంది. ‘నేను వస్తానని సీత చెప్పింది.’ వచ్చేది సీతా, ఈ మాట చెబుతున్న నేనా? రెండూ కుదురుతాయి. ‘నేను’ ఎవరి నోట ఉంటే వారిది. అదే ‘తాను వస్తానని సీత చెప్పింది’ అనండి, ఎవరు చదివినా వచ్చేది సీతే. (క్రియ మాత్రం ‘వస్తాను’గానే నిలుస్తుంది, చూశారా! ఆ ముచ్చట మరోసారి.)

వెబ్ పేజీల భాష జావాస్క్రిప్ట్‌లో ‘దిస్’ (‘ఈ వస్తువు’ అని సూచించే మాట) ఈ ‘నేను’ లాంటిది. నా కౌంటర్‌లో లెక్క పెంచే మెథడ్‌ను (దానికి చెందిన ఫంక్షన్‌ను) విడిగా తీసి ఒక బటన్‌కు అప్పగించాను. నొక్కగానే ‘దిస్’ కాస్తా బటన్ అయి కూర్చుంది. నా కౌంటర్ సున్నా దగ్గరే ఉండిపోయింది. 2015లో వచ్చిన యారో ఫంక్షన్‌లో (బాణం గుర్తుతో రాసేది) ‘దిస్’ అలా చేతులు మారదు, పుట్టిన చోటికే కట్టుబడి ఉంటుంది. అది ‘తాను’.

మరి ఈ లెక్సికల్, డైనమిక్ స్కోప్‌లు రెంటికీ తెలుగులో ఏమందాం?

వ్యాఖ్య: పోలిక బాగుందండీ, ఒక్క మెలిక తప్ప. ‘దిస్’ మామూలు చలరాశి కాదు, పిలుపు వెంట చాటుగా వెళ్లే ఆర్గ్యుమెంటు. అసలైన డైనమిక్ కావాలంటే లినక్స్‌లో కమాండ్లు రాసే బ్యాష్‌లో చూడండి. ఒక ఫంక్షన్‌లో ‘లోకల్’ అని పెట్టుకున్న విలువ, అది పిలిచిన మరో ఫంక్షన్‌కూ కనబడుతుంది. ఈమాక్స్ ఎడిటర్‌లో వాడే భాష ఈమాక్స్ లిస్ప్ కూడా 2012లో 24వ వెర్షన్ వచ్చేదాకా అంతే. పేర్లు కలిశాయా, ఎవరి విలువను ఎవరు మార్చారో తెలియడానికి పిలుపుల వరుసంతా తవ్వుకోవాలి. పదాలంటారా, ‘రాత పరిధి’, ‘పిలుపు పరిధి’ చాలవా?

జవాబు: మెలిక ఒప్పుకున్నాను, పాఠంలో ఆ మాట చేరుస్తాను. ‘పిలుపు పరిధి’ తీసుకుంటున్నానండీ. ‘రాత పరిధి’ అంటే మాత్రం పిల్లలు నుదుటి రాత అనుకుంటారేమో!

వ్యాఖ్య: అనుకోనివ్వండి. అదీ ముందే రాసి ఉన్నదే కదా, ఎవరు పిలిచినా మారదు.