స్విఫ్ట్‌కి 14 అంగుళాల చక్రాలే ఉంచాలా, 15కి మారాలా? వానలో ఘాట్ మీద టైర్లు జారుతున్నాయి

మాది విజయనగరం. కారు 2019 స్విఫ్ట్ వీఎక్స్ఐ పెట్రోలు, దాంతోపాటు వచ్చిన 165/80 ఆర్14 టైర్లు (వెడల్పు 165 మి.మీ., పక్క ఎత్తు అందులో 80 శాతం, చక్రం 14 అంగుళాలు), స్టీలు చక్రాలు. పని మీద సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ వెళ్తుంటాను. వానలు మొదలయ్యాక దిగేటప్పుడు తడి మలుపుల్లో 40 దాటితే చాలు, ముందు చక్రాలు పక్కకి జారుతున్నాయి, బ్రేక్ కాస్త గట్టిగా తొక్కితే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా ఆపేది) గరగరమంటోంది. పొడి రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు.

అలైన్‌మెంట్ చేయించాను, ముందు టైర్లు వెనక్కి మార్పించాను, గాలి 33 పీఎస్ఐ నుంచి 30కి తగ్గించి చూశాను, ఏం తేడా లేదు. టైరు పక్కన 2219 అని ఉంది, అంటే 2019లో 22వ వారం తయారీ. గాడి లోతు ఇంకా 3 మి.మీ. ఉంది కానీ గోరుతో నొక్కితే రబ్బరు కొబ్బరి చిప్పలా గట్టిగా తగులుతోంది. నాలుగూ మార్చడం ఖాయం.

చిక్కల్లా సైజు దగ్గరే. ఒక షాపతను అల్లాయ్‌లతో సహా 185/65 ఆర్15 వేయమంటాడు. స్విఫ్ట్‌లోనే పై మోడల్ జడ్ఎక్స్ఐకి వచ్చే సైజు అదే, టైరు మొత్తం ఎత్తు 2 మి.మీ. లోపే పెరుగుతుంది కాబట్టి స్పీడోమీటరుతో టెన్షన్ లేదు. ఇంకొకతను పాత చక్రాలకే 185/70 ఆర్14 చాలంటాడు, దాంతో ఎత్తు 5 మి.మీ. తగ్గుతుంది. వెడల్పు పెరిగితే నిలిచిన నీళ్లలో తేలుతుందని మా బావ గొడవ. మంచు దేశాల్లో వింటర్ టైర్లు సన్నవే వేస్తారు కదా అంటాడు, మనకి పడేది వాన!

ఘాట్‌లో వానకి తిరిగేవాళ్లు చెప్పండి: 165/80 ఆర్14లోనే తడి పట్టు బాగున్న కొత్త టైర్లు వేస్తే సరిపోతుందా, 185/65 ఆర్15కి మారితేనే పట్టు పెరుగుతుందా?