ఆస్పత్రిలో ఉన్నవాళ్లకి ఏం తీసుకెళ్తే పనికొస్తుంది?

మా పిన్నికి తుంటి ఎముక ఆపరేషన్ అయింది. ఇంకో వారం ఆస్పత్రిలోనే ఉంచుతారట. వచ్చినవాళ్లంతా పూలగుత్తులే తెస్తున్నారు, బల్ల మీద మందులు పెట్టుకోవడానికి కూడా చోటు లేదు. నిజంగా వాడుకునేది ఏదైనా చెప్పండి.

జవాబు 1:
పొడుగు వైరున్న ఛార్జర్ అండీ, ఇంకేం ఆలోచించకండి. ప్లగ్ ఎప్పుడూ మంచం తలవైపు, చెయ్యి అందని చోటే ఉంటుంది. సెలైన్ పెట్టిన చేత్తో అటు తిరగలేరు, ప్రతిసారీ నర్సుని పిలవాలంటే మొహమాటం. 2 మీటర్ల వైరైతే ఫోన్ దిండు పక్కనే ఉంటుంది. మా నాన్నగారు తెగ వాడింది అదే. ముందు గుండీలున్న వదులు బట్టలూ మంచివే, తల మీదుగా లాగక్కర్లేదు. లిప్ బామ్ కూడా. అయితే ఆక్సిజన్ పెట్టి ఉంటే పెట్రోలియం జెల్లీ లాంటివి వద్దు, ఏది వాడొచ్చో నర్సుని అడగండి.

జవాబు 2:
చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్, కళ్లకి మాస్క్. రాత్రంతా ఎవరిదో ఒకరి మానిటర్ మోగుతూనే ఉంటుంది. పూలంటారా, చాలా ఐసీయూల్లో అసలు లోపలికే రానివ్వరు.

జవాబు 3:
తుంటి ఆపరేషన్ అన్నారు కాబట్టి, వంగకుండా చెప్పులు తొడుక్కునే పొడుగు షూహార్న్ చూడండి. పక్కన పడుకునేవాళ్లకి ఒక దుప్పటి కూడా. వాళ్లని ఎవరూ పట్టించుకోరు!

అడిగినవారు:
పక్కన ఉండేది మా చెల్లే. దుప్పటి, ఛార్జర్ ఇవాళే తీసుకెళ్తున్నా.