బాటిల్ బ్లోయింగ్ మెషీన్‌కి కరెంటు తగ్గించే దారేమైనా ఉందా?

అందరికీ నమస్కారం. జీడిమెట్లలో మాది చిన్న పెట్ బాటిళ్ల యూనిట్. రెండు క్యావిటీల (ఒకేసారి రెండు బాటిళ్లు ఊదే అచ్చుల) సెమీ ఆటోమేటిక్ మెషీన్ మీద లీటరు నీళ్ల బాటిళ్లు తీస్తాం. కరెంటు బిల్లు తడిసి మోపెడవుతోంది.

ప్రీఫామ్‌లను (ఊదితే బాటిలయ్యే ప్లాస్టిక్ గొట్టాలను) ఇన్‌ఫ్రారెడ్ ల్యాంపుల ముందు 100 డిగ్రీల దాకా వేడి చేస్తాం కాబట్టి అందరూ ముందు హీటర్‌నే తిడతారు. నాకు మాత్రం హైప్రెషర్ కంప్రెసర్ మీదే అనుమానం. 30 బార్ గాలి పట్టిస్తాం, బాటిల్ ఊదగానే అదంతా బుస్సుమని బయటికి పోతుంది. పైగా మెషీన్ ఆపి కంప్రెసర్ ఒక్కటే ఆన్‌లో ఉంచినా కాసేపటికోసారి లోడ్ తీసుకుంటోంది, అంటే ఎక్కడో గాలి లీకవుతోంది. సబ్బు నురగ రాసి చూస్తే స్ట్రెచ్ రాడ్ (ప్రీఫామ్‌ను లోపలి నుంచి సాగదీసే కడ్డీ) సీల్ దగ్గర బుడగలు వచ్చాయి. సీల్ మార్పిస్తున్నాను, అది సరే.

మావి గ్యాస్ లేని నీళ్ల బాటిళ్లే. ప్రెషర్ 25కి దించితే అడుగున డిజైన్ సరిగ్గా పడుతుందా, లేక బాటిల్ నిలబడక ఒరిగిపోతుందా? ఊదిన గాలిని పట్టుకుని క్లాంపు సిలిండర్లకు (అచ్చును మూసి పట్టుకునేవాటికి) వాడే ఎయిర్ రికవరీ కిట్ ఇలాంటి చిన్న మెషీన్‌కి పెట్టించినవాళ్లున్నారా? పెట్టిన డబ్బు ఎన్నాళ్లకు తిరిగొచ్చింది?

మెకానిక్‌ని అడిగితే కొత్త ఆటోమేటిక్ మెషీన్ కొనమంటున్నాడు. అంత స్తోమత ఉంటే ఇక్కడెందుకు అడుగుతాను!

హీటర్‌కి, కంప్రెసర్‌కి వేర్వేరు సబ్ మీటర్లు ఉన్నవాళ్లు, వెయ్యి బాటిళ్లకు దేనికెన్ని యూనిట్లు కాలుతున్నాయో దయచేసి చెప్పండి. ప్రీఫామ్ బరువు కూడా రాయండి.