పాత స్లాబు మీద లైట్ గేజ్ స్టీల్ అంతస్తు: భూకంపం వస్తే ఆగుద్దా?

కొత్తగూడెం_కుర్రాడు:
2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 భూకంపం వచ్చినప్పుడు మా ఇల్లు కూడా ఊగింది, అప్పట్నుంచి పైన ఇంకో అంతస్తు అంటే నాన్నకి భయం. ఇటుకలొద్దు, లైట్ గేజ్ స్టీల్ ఫ్రేమ్ నిలబెట్టి బోర్డులు కొట్టిస్తాం అని ఒకళ్ళు కొటేషన్ ఇచ్చారు. మిల్లీమీటరు మందం రేకు మడిచి కట్టిన గోడ భూకంపానికి ఆగుద్దా? తెలిసినోళ్ళు చెప్పండి.

మేస్త్రి_మాట:
వద్దు తమ్ముడూ. చేత్తో పట్టుకుని మెలేస్తే వంగే సెక్షన్లు అవి. కాంక్రీటుకున్న బలం రేకుకెక్కడొస్తది.

షియర్_వాల్:
అన్నా, ఒంటి స్టడ్‌ని, అంటే గోడలో నిలువుగా నిలబెట్టే రేకు సెక్షన్‌ని చూసి గోడ బలం చెప్పలేం. భూకంపంలో ఇంటి మీద పడే లోడు ఇంటి బరువుని బట్టే ఉంటది కదా, 9 అంగుళాల ఇటుక గోడ ప్లాస్టరింగ్‌తో చదరపు మీటరుకి 450–500 కిలోలు తూగుద్ది, ఈ గోడ రెండు వైపులా బోర్డు కొట్టినా 50 కిలోల దగ్గరే. 2001 భుజ్ భూకంపంలో 200 కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలినవి కాంక్రీటు అపార్టుమెంట్లే, కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా పిల్లర్ల మీద నిలబెట్టినవి చాలా ఉన్నాయి వాటిలో.

2013లో అమెరికాలోని బఫెలో యూనివర్సిటీలో ఇలాంటి రెండంతస్తుల బిల్డింగ్ కట్టి, 1994 నార్త్‌రిడ్జ్ భూకంపం రికార్డుతో షేక్ టేబుల్ మీద, అంటే భూకంపంలా ఊపే పెద్ద బల్ల మీద ఊపారు. లోపలి బోర్డులు తలుపులు కిటికీల మూలల దగ్గర పగిలాయి, బిల్డింగ్ మాత్రం నిటారుగానే ఉంది. 2016లో సాన్‌డియేగోలో ఆరంతస్తులది ఊపారు, లోపల మంటలు పెట్టారు, మళ్ళీ ఊపారు. రెండో అంతస్తు ఘోరంగా దెబ్బతింది కానీ కూలలేదు. 2025లో అక్కడే పదంతస్తులది కూడా ఊపారు.

మేస్త్రి_మాట:
అక్కడ ప్రతి స్క్రూ దగ్గరుండి చూసుకుంటారు. ఇక్కడ కరెంటు పైపు కోసం స్టడ్ మధ్యలో గ్రైండర్‌తో కోసేస్తారు, నేను కళ్ళారా చూశా. దానికేమంటావ్?

షియర్_వాల్:
ఆ మాట నూటికి నూరు పాళ్ళు నిజం అన్నా, నా భయం కూడా అదే. ఈ గోడలో ఊపుని మింగేది రేకు కాదు, బోర్డుని స్టడ్‌కి పట్టుకునే స్క్రూలు. అవి పక్కకి వాలతాయి, వాటి చుట్టూ బోర్డులో రంధ్రాలు కొంచెం కొంచెం సాగుతాయి, ఎనర్జీ అక్కడ ఖర్చయిపోద్ది. మూల స్టడ్లు అప్పటిదాకా వంగకుండా నిలబడాలి. బలం కోసమని స్క్రూలు రెట్టింపు కొట్టి మూల స్టడ్ మాత్రం ఒంటిదే పెడితే, స్క్రూల కంటే ముందు స్టడ్డే నలిగిపోద్ది. బోర్డు బదులు ఫ్రేముకి ఏటవాలుగా కొట్టే క్రాస్ పట్టీలదీ అంతే, పట్టీ మధ్యలో సాగాలి గానీ స్క్రూ రంధ్రం దగ్గర తెగకూడదు. అందుకే అమెరికా కోడ్ ప్లైవుడ్ లాంటి చెక్క బోర్డు గోడకి 6.5 ఫ్యాక్టర్ ఇచ్చి పట్టీ గోడకి 4 ఇచ్చింది. ఫ్యాక్టర్ అంటే, విరగకుండా సాగే గుణాన్ని బట్టి డిజైన్‌లో భూకంపం లోడుని ఎంతతో భాగించొచ్చో చెప్పే అంకె. ఇలాంటి రేకు సెక్షన్లకి మన కోడ్ IS 801 వచ్చింది 1975లో, భూకంపం కోడ్ IS 1893 (2016) ఫ్యాక్టర్ల పట్టికలో ఈ గోడల ఊసే లేదు. కాబట్టి కొటేషన్ ఇచ్చినోళ్ళని మూడు అడుగు తమ్ముడూ: భూకంపం లెక్క ఏ ఫ్యాక్టర్‌తో చేశారు, మూలల్లో గోడ పైకి లేవకుండా కిందికి పట్టి ఉంచే హోల్డ్‌డౌన్ ఎక్కడ పెడతారు, దాని యాంకర్ ఎందులోకి దిగుద్ది. ఐదంగుళాల స్లాబులోకి మాత్రమే దిగితే కాంక్రీటు ముక్కతో సహా ఊడొస్తది, కింద కాలమో బీమో ఉండాల్సిందే.

కొత్తగూడెం_కుర్రాడు:
హోల్డ్‌డౌన్ అంటే డ్రాయింగ్‌లో లేదంటున్నారు, స్లాబులో ఫాస్టెనర్లు కొడతారంట. కింద ముందు వైపు గోడ లేదు, రెండు షాపులకి షట్టర్లే.

షియర్_వాల్:
అయితే పైన రేకా ఇటుకా అన్నది తర్వాత చూద్దాం. అహ్మదాబాద్‌లో ప్రాణాలు తీసింది అచ్చం ఇదే, కింద ఖాళీ పైన బరువు. పైన ఎంత తేలిగ్గా కట్టినా ఆ ముందు పిల్లర్ల మీద కొంత లోడు పెరుగుద్ది. స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచి ముందు వాటికి జాకెటింగ్, అంటే చుట్టూ రాడ్లు కట్టి కొత్త కాంక్రీటు పోయడం కావాలేమో చూపించు, షట్టర్ల మధ్య ఒక కాంక్రీటు గోడ లేపడానికి చోటుందేమో అడుగు. అది తేలకుండా అడ్వాన్స్ ఇవ్వకు.

మేస్త్రి_మాట:
దీనికి నేనూ ఒప్పుకుంటా. ఆ పిల్లర్ల సైజు, లోపల ఎన్ని రాడ్లు వేశారో కనుక్కుని ఇక్కడే పెట్టు తమ్ముడూ.