డాక్ ప్రెస్కాట్ మనకు సరిపోతాడా? 40-40 తర్వాత అడగక తప్పట్లేదు

నీలితార:
నిన్న ఆదివారం (2025 సెప్టెంబర్ 28) రాత్రి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో మన డాలస్ కౌబాయ్స్‌కి గ్రీన్ బే ప్యాకర్స్‌తో జరిగిన మ్యాచ్ 40-40 దగ్గర ఆగిపోయింది. అటు గెలుపూ కాదు, ఇటు ఓటమీ కాదు. పొద్దున ఆఫీసుకెళ్తే ఇద్దరు ఫ్రెండ్స్ ఒకటే మాట: "డాక్‌తో ఇంక పనవదు." అప్పట్నుంచీ కడుపు మండుతూనే ఉంది.

నిన్న మన క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసి దాడిని నడిపేవాడు) డాక్ మూడు టచ్‌డౌన్ (ఆరు పాయింట్ల స్కోరు) పాస్‌లు వేశాడు, తనే పరుగెత్తి ఇంకొకటి కొట్టాడు, ఒక్క ఇంటర్‌సెప్షన్ (పాస్‌ని అవతలి జట్టు పట్టేయడం) లేదు. అదీ పాస్‌లు పట్టే మన మేటి ఆటగాడు సీడీ ల్యాంబ్ గాయంతో బయట కూర్చున్న రోజున. ఇంతకంటే క్వార్టర్‌బ్యాక్ ఏం చెయ్యాలి? అవతలివాళ్లకు నలభై పాయింట్లు ఇచ్చింది ఆయన కాదు కదా.

2016 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట) నాలుగో రౌండ్‌లో, 135వ పిక్‌గా వచ్చిన కుర్రాడు. అప్పటి మన క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమోకి వెన్ను దెబ్బతింటే తప్ప ఆడే అవకాశమే లేదు. ఆ ఏడాది జట్టుకి 13 గెలుపులు, 3 ఓటములు. 2023లో 36 టచ్‌డౌన్ పాస్‌లతో లీగ్ మొత్తం మీద మొదటివాడు, ఎంవీపీ (సీజన్ మేటి ఆటగాడు) ఓటింగ్‌లో లమార్ జాక్సన్ తర్వాత రెండోవాడు. డాక్ సరిపోతాడు. సరిపోనిది ఆయన చుట్టూ కట్టిన జట్టు. కాదనేవాళ్లు కారణం చెప్పండి, వింటాను.

రోమో అభిమాని:
కారణం రెండంకెల్లో ఉంది తమ్ముడూ: 2-5. ప్లేఆఫ్స్‌లో (జనవరిలో జరిగే నాకౌట్ మ్యాచ్‌ల్లో) డాక్ లెక్క అది, రెండు గెలుపులు, ఐదు ఓటములు. తొమ్మిదేళ్లు గడిచాయి. కౌబాయ్స్ ఆఖరిసారి సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచింది 1996 జనవరిలో, అప్పుడు నేను గుంటూరులో ఏడో తరగతి. ఇప్పుడు నా కూతురు ఏడో తరగతి. మధ్యలో ఒక్కసారి కూడా కాన్ఫరెన్స్ ఫైనల్ (సెమీఫైనల్ లాంటిది) దాకా పోలేదు.

2024 జనవరి 14 నేను మర్చిపోలేను. ఆరోజు భోగి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా చెల్లెలింట్లో పిల్లలకి భోగిపళ్లు. బయట గడ్డకట్టే చలి, లోపల ముప్పై మంది. మధ్యాహ్నం ప్లేఆఫ్స్ మ్యాచ్ మొదలు కాబట్టి పేరంటం కాస్త ముందుకు జరిపించాం. మనం రెండో సీడ్, గ్రీన్ బే ఏడో సీడ్, ఆ సీజన్‌లో సొంత మైదానంలో మనకు ఒక్క ఓటమి లేదు. మా మేనల్లుడి నెత్తిన రేగుపళ్లు, చిల్లర, పూలు పోస్తుండగానే హాల్లోంచి అరుపు. గ్రీన్ బే డిఫెండర్ డార్నెల్ శావేజ్ డాక్ పాస్ పట్టుకుని అటు చివరిదాకా పరుగెత్తాడు. 27-0. ఇంకా సగం ఆట కూడా కాలేదు. మా బావగారు లేచి టీవీ కట్టేశారు. కార్పెట్ మీద రేగుపళ్లు ఏరుతూ ఎవరూ మాట్లాడలేదు.

చివరికి 48-32. తర్వాత డాక్ లెక్కలు చూస్తే బ్రహ్మాండంగా ఉంటాయి. అవన్నీ ఆట చేజారాక వచ్చిన యార్డులు. నా బాధంతా దాని గురించే. సెప్టెంబర్‌లో ఆయన మంచి క్వార్టర్‌బ్యాక్ అని నేనూ ఒప్పుకుంటా. నాకు కావాల్సింది జనవరి.

కాకినాడ కాజా:
అన్నా, ఐదు ఓటముల్నీ ఒకే గాటన కట్టకండి. 2017 జనవరిలో గ్రీన్ బేతో 21-3తో వెనకబడిన ఆటని రూకీ (మొదటి ఏడాది) కుర్రాడు 31-31 దాకా లాక్కొచ్చాడు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ ఆఖరి క్షణాల్లో గీత అంచున ఆ పాస్ వేస్తే, కిక్కర్ మేసన్ క్రాస్బీ 51 గజాల నుంచి ఫీల్డ్ గోల్ (మూడు పాయింట్ల కిక్) కొడితే డాక్ ఏం చేస్తాడు? గెలిచిన రెండూ కూడా చూడండి. సియాటిల్ మీద మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) 14 గజాలు కావాల్సినప్పుడు తనే బంతి తీసుకుని దూకి, గాల్లో పల్టీ కొట్టి గోల్ లైన్ దగ్గర పడ్డాడు. టాంపాలో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ ఆఖరి మ్యాచ్‌లో డాక్ వేసినవి నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు. ఆ రాత్రి మన కిక్కర్ నాలుగు ఎక్స్‌ట్రా పాయింట్లు (టచ్‌డౌన్ తర్వాతి కిక్‌లు) వదిలేసినా 31-14తో గెలిచాం.

కోహ్లీని చూడండి. బెంగళూరుకి కప్పు రావడానికి పద్దెనిమిది సీజన్లు పట్టింది. అన్నేళ్లూ "కోహ్లీ వల్ల కాదు" అన్నవాళ్లు మొన్న జూన్‌లో ఏమయ్యారు?

ఓరుగల్లు బిడ్డ:
కోహ్లీ పోలిక మంచిగనే ఉంది గానీ పైసల కాడ నిలవది. ఐపీఎల్‌ల జట్టుకు 120 కోట్ల పర్సు, కోహ్లీకి 21 కోట్లు. అంటే ఆరో వంతు. డాక్‌కు 2024 సెప్టెంబర్‌ల నాలుగేండ్లకు 240 మిలియన్ డాలర్లు ఇచ్చిండ్రు, ఏడాదికి 60. ఆ ఏడు శాలరీ క్యాప్ (జట్టు జీతాలకు పెట్టిన హద్దు) 255 మిలియన్లు. నాలుగో వంతుకు దగ్గర ఒక్క మనిషికే. మిగిలిన యాభై రెండు మంది మిగిలిన దాంట్ల సర్దుకోవాలె. మన డిఫెన్స్ స్టార్ మైకా పార్సన్స్ గ్రీన్ బేకు ఎందుకు పోయిండు మరి? నిన్న ఓవర్‌టైమ్‌ల మనం గోల్ లైన్ కాడికి వచ్చినంక డాక్ వెంటబడి పట్టుకున్నది ఎవరు? నెల కింద దాకా మనోడే. అక్కడ టచ్‌డౌన్ పడితే ఈ చర్చనే లేదు. ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకున్నం, వాళ్లు మళ్ల సమం చేసిండ్రు.

డాక్ చెడ్డ ఆటగాడని నేనంటలేను. ఆ ధరకు ఆయన ఒక్కడే ఆట తిప్పాలె. ఆ లెక్కల సరిపోతలేడు.

నీలితార:
బిడ్డా, ఆ ధర ఎలా పెరిగిందో కూడా చెప్పుకోవాలి. 2019లోనే సంతకం పెట్టిస్తే చాలా తక్కువలో అయిపోయేది. పెట్టించలేదు. 2020లో ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఆటగాణ్ని ఒక్క ఏడాది జీతంతో పట్టి ఉంచుకునే హక్కు) వేసి ఏడాది ఆపారు. 2021లో 160 మిలియన్లకి ఒప్పుకుని, మళ్లీ ట్యాగ్ వెయ్యకూడదు, తన ఒప్పుదల లేకుండా వేరే జట్టుకి ట్రేడ్ చెయ్యకూడదు అని రాసిచ్చారు. అంటే తాళం ఆయన చేతికిచ్చారు. 2024లో సీజన్ మొదటి మ్యాచ్ రోజు దాకా లాగి, ఆ పొద్దున 240కి సంతకం పెట్టారు. పార్సన్స్ విషయంలోనూ అదే సాగదీత. ఫిలడెల్ఫియా వాళ్లు తమ క్వార్టర్‌బ్యాక్ హర్ట్స్‌కి 2023లోనే పెద్ద కాంట్రాక్ట్ ఇచ్చేశారు, చుట్టూ జట్టు కట్టారు, మొన్న ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఎత్తుకెళ్లారు. హర్ట్స్ డాక్ కంటే గొప్పగా పాస్ వేస్తాడా? నేను ఒప్పుకోను. ముందే కొన్నవాడికి చవక, ఆఖర్న కొన్నవాడికి బరువు. బేరం ఆలస్యం చేసింది జట్టు యజమాని జెర్రీ జోన్స్. దాని శిక్ష డాక్‌కి ఎందుకు?

ఇంకోటి, ఏడాదికి 60 అనేది సగటు. బోనస్‌ని ఏళ్ల మీద పరిచి ఈ ఏడాది క్యాప్‌లో తక్కువ చూపించుకోవచ్చు. పార్సన్స్‌కి చోటు లేక కాదు, మనసు లేక పంపారు.

ఓరుగల్లు బిడ్డ:
పరిచిన అప్పు రేపు మీద పడ్తది గద అన్నా. కానీ 2019 మాట నిజమే, అది ఒప్పుకుంట.

ప్లేనో అమ్మ:
నేను ఇక్కడ ఎక్కువ రాయను. మా అబ్బాయి డాక్ నాలుగో నంబర్ జెర్సీ వేసుకునే నిద్రపోతాడు, వాడి వల్లే ఈ ఆట నేర్చుకున్నాను. 2020 అక్టోబర్‌లో జెయింట్స్ మ్యాచ్‌లో డాక్ చీలమండ పక్కకి తిరిగిపోవడం టీవీలో చూసి వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆయన అన్నయ్య ఆత్మహత్య చేసుకున్నాడు, అమ్మగారు అంతకుముందే క్యాన్సర్‌తో పోయారు. ఆ కుంగుబాటు గురించి ఆయన నలుగురి ముందూ నోరు విప్పి మాట్లాడాడు. మన ఇళ్లలో మగపిల్లలకి ఆ మాట ఎవరు చెప్తారండీ? దాంతో మ్యాచ్‌లు గెలవరని నాకు తెలుసు. కానీ "పనికిరాడు" అనే ముందు ఆ మాట కాస్త తగ్గించి వాడమని అడుగుతున్నా. పిల్లలు పక్కనే కూర్చుని వింటుంటారు.

రోమో అభిమాని:
అమ్మా, మీ మాటకి దణ్ణం. "పనికిరాడు" అని నేను ఎప్పుడూ అనలేదు, ఇక ముందూ అనను.

కానీ శాన్ ఫ్రాన్సిస్కో మ్యాచ్‌లు రెండూ ఎవరూ ఎత్తలేదు, నేనే ఎత్తుతా. 2022 జనవరిలో 23-17తో వెనకబడ్డాం, మిగిలింది పద్నాలుగు సెకన్లు, టైమౌట్ లేదు. డాక్ మధ్యలోంచి పరుగెత్తి పడుకున్నాడు. అంపైర్ వచ్చి బంతి పెట్టేలోపు గడియారం అయిపోయింది. ఆ ఆట పిలిచింది కోచ్‌లు, సరే. కానీ పది గజాలు ముందే పడుకుంటే ఇంకో పాస్ వెయ్యడానికి టైముండేది. మరుసటి ఏడాది 19-12 ఓటమి. ఆరోజు డిఫెన్స్ పందొమ్మిది పాయింట్లకే ఆపింది తమ్ముడూ! నువ్వు కావాలన్న జట్టు ఆరోజు ఉంది. డాక్ మొదటి సగంలోనే రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. ఆ సీజన్‌లో పన్నెండు మ్యాచ్‌లే ఆడి పదిహేను ఇచ్చాడు. దీనికి నీ దగ్గర జవాబుందా?

నీలితార:
పూర్తి జవాబు లేదు అన్నా. రాత్రి ఆ 19-12 మ్యాచ్ మళ్లీ పెట్టుకుని చూశాను. బంతితో పరుగెత్తే మన పొలార్డ్ కాలు విరిగి బయటికెళ్లాక పరుగు ఆట పడిపోయింది, అది నిజం. కానీ రెండో ఇంటర్‌సెప్షన్ మటుకు ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా డాక్‌దే. బంతి పోయి వాళ్ల డిఫెండర్ ఫ్రెడ్ వార్నర్‌కి చిక్కింది. ఆ ఓటమి ఆయన ఖాతాలో రాసుకో, నేను అడ్డు రాను. గ్రీన్ బే భోగి కూడా సగం రాసుకో.

మిగతా మూడూ నేను ఇవ్వను. ఇంకొకటి అడుగుతా: డాక్ కాకపోతే ఎవరు? పార్సన్స్‌కి బదులు వచ్చిన రెండు మొదటి రౌండ్ పిక్స్‌తో కొత్త కుర్రాణ్ని తెస్తే, వాడికీ ఇదే డిఫెన్స్ కదా దొరికేది. పేరు చెప్పు, మాట్లాడుకుందాం.

రోమో అభిమాని:
పేరు లేదు. ఆ పిక్స్ రెండూ డిఫెన్స్‌కే పోవాలి, అందులో నీతో గొడవ లేదు. ఒక్క జనవరి ఆయన మొదటి సగంలో బంతి పోగొట్టకుండా ఆడితే, ఓడినా సరే, ఈ మాట వెనక్కి తీసుకుంటా.

కాకినాడ కాజా:
ఈ ఆదివారం జెట్స్‌తో మధ్యాహ్నం పన్నెండింటికే. మా ఇంట్లో చూద్దాం, పులిహోర నా వంతు. టీవీ కట్టేసే బావగారిని మాత్రం రిమోట్‌కి దూరంగా కూర్చోబెట్టండి.