తేజ మిర్చి లాట్ల పేచీ ఎలా తీర్చాలి? కొత్తగా సూపర్‌వైజర్‌ని అయ్యాను

గుంటూరు మిర్చి:
మాది గుంటూరులో మిర్చి తొడిమలు తీసే యూనిట్. ఇన్నాళ్లూ కాటా దగ్గర పుస్తకం రాసేదాన్ని, ఈ సీజన్ నుంచి సూపర్‌వైజర్‌ని చేశారు. ఆడవాళ్లు రెండు జట్లు, కూలి కిలోల లెక్కన. తేజ చిన్న కాయ, ఎంతసేపు తీసినా తూకం లేవదు. బాడిగ రకం మిర్చి అయితే గబగబా కిలోలు పడతాయి. 'తేజ అంతా మాకే తోస్తున్నారు' అని ఒక జట్టు, 'తలుపు దగ్గర గాలి మీకు, లోపల ఘాటుకి దగ్గి చచ్చేది మేము' అని ఇంకో జట్టు. రోజూ సాయంత్రం కాటా దగ్గరే గొడవ. మేస్త్రమ్మలిద్దరూ నేను పిన్నీ అని పిలిచేవాళ్లే. రెండు జట్లు చెప్పేదీ నిజమే, అందుకే నాకు ఇంత టెన్షన్. ఓనర్ గారేమో 'నువ్వే చూసుకోమ్మా' అంటారు.

ఇంకోటి. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే కుర్రాడొకడు మీద మీదకి వస్తున్నాడని ఒకమ్మాయి చాటుగా చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది.

ఆటోనగర్ ఫోర్‌మన్, విజయవాడ:
అమ్మా, కాటా దగ్గర నలుగురిలో తీర్పు చెప్పకు. జట్టు చూస్తుండగా ఏ మేస్త్రీ తగ్గదు. అన్నాలయ్యాక ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చివరిదాకా చెప్పనివ్వు. ఒకరి మాట ఇంకొకరికి మోయకు.

మిల్లు అక్క:
ఎంత విన్నా లాట్ల పంపకం మారకపోతే రేపు మళ్లీ అదే గొడవ. సరుకు దిగగానే ఇద్దరు మేస్త్రమ్మల ముందే చీటీలేసి పంచి, బోర్డు మీద రాయండి. తలుపు దగ్గర చోటు వారం వారం మార్చండి. తేజ రోజు మనిషికి కూలి ఎంత పడింది, బాడిగ రోజు ఎంత పడింది, మీరు రాసిన పుస్తకంలోనే ఉంటుంది. అది చూపించి తేజకి కిలో రేటు పెంచమని ఓనర్‌ని అడగండి. రేటు ఆయన తేల్చాల్సింది, మీరు నెత్తినేసుకోకండి.

హెచ్‌ఆర్, గుంటూరు:
ఆ అమ్మాయి సంగతి మాత్రం మీరు రాజీ చేయకండి. కుర్రాణ్ని పిలిచి నాలుగు తిట్టి వదిలేసేది కాదు. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను ఆపడానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం 10 మంది, ఆపైన పనిచేసే చోట మహిళ అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండాలి. రోజుకూలీలకీ ఇది వర్తిస్తుంది. మామూలుగా 3 నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. రాయడం రాకపోతే రాయడానికి కమిటీయే సాయం చేయాలి. 10 మంది లేకపోయినా, ఫిర్యాదు ఓనర్ మీదే అయినా జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. ఇవన్నీ ఆమెకి చెప్పండి, ఇవ్వాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. పేరు బయటికి రానివ్వకండి. ఈలోపు అతన్ని బయట లోడింగ్‌కి మార్చండి. ఆమెని కదిపితే కూలి పోయేది ఆమెకే.

గుంటూరు మిర్చి:
అతన్ని రేపే లారీల దగ్గరికి మార్పిస్తాను, ఆమెతో ఒంటరిగా మాట్లాడతాను. అక్కా, చీటీలో తేజ వరసగా ఒకే జట్టుకి పడితే?

మిల్లు అక్క:
అయితే తేజ వరకు చీటీ వద్దు. వచ్చిన ప్రతి లాటూ టిక్కీల లెక్కన చెరిసగం చేయండి. చీటీలు మిగతా రకాలకే.