అప్‌డేట్: మా సైన్స్ ఫిక్షన్ క్లబ్ మూతపడలేదు

పోయిన నెల అడిగాను కదా, విజయవాడలో మేం సరదాగా నడుపుకుంటున్న సైన్స్ ఫిక్షన్ క్లబ్‌కి పదకొండు మందిలో నలుగురే వస్తున్నారు, ఆపేయనా అని. నెలకో నవల చదివి రమ్మనడం మానేసి, అందరూ ఎప్పుడో చూసేసిన దానితో మొదలుపెట్టమని మీలో చాలామంది చెప్పారు. అదే చేశాను.

మొన్న ఆదివారం మా మేడ మీద చాపలు పరిచి ‘ఆదిత్య 369’ పెట్టుకున్నాం. టైమ్ మెషిన్‌లో కృష్ణదేవరాయల కాలానికీ, ఆ తర్వాత 2504వ సంవత్సరానికీ వెళ్లే 1991 సినిమా, చూడనివాళ్లు లేరు. అందరూ రాయలవారి దగ్గరే ఆగిపోతారేమోనని నా టెన్షన్. కానీ చర్చంతా 2504 మీదే! పైన రేడియేషన్, జనమేమో నేల కింద. టీ తెచ్చిన మా అమ్మ, "మరి ఎండ లేకుండా వడియాలెలా పెడతారర్రా?" అంది. అంతే, నలభై నిమిషాలు దాని మీదే. కరెంటాఫీసులో రిటైరైన బాబాయిగారొకరు బజ్జీల కాగితం వెనక్కి తిప్పి, ఎన్ని దీపాలు కావాలో లెక్క కట్టడం మొదలెట్టారు. నూనె మరకల మీద పెన్ను పడలేదు పాపం.

తొమ్మిది మంది వచ్చారు. ఖర్చుకి మనిషికి ఇరవై రూపాయలు హార్లిక్స్ సీసాలో వేస్తున్నాం. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు మాత్రం ఆగలేదు, దానికేమైనా మందుంటే చెప్పండి.